వడ్ల కల్లం మీద ఐదు వారాలు

ఒకప్పుడు మా క్రికెట్ జట్టుకు తన తోటలో చోటిచ్చిన రాజిరెడ్డి అన్న పోయిన నెల ఫోన్ చేశాడు. "అమ్మ జారిపడ్డది. తుంటికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది గని, ఆ ఆట పిల్లలు ఏడున్నరు, ఒక్కతన్న వస్తలేదు అని ఊకె అడుగుతాంది. ఒకసారి వచ్చిపోరాదు రూతూ" అన్నాడు. బహదూర్‌పల్లి నుంచి మేడ్చల్ స్కూటీ మీద ఎంతసేపు గనక. మర్నాడే వెళ్లాను. ముందు గదిలో మంచం, మంచం పక్కన నడవడానికి ఇచ్చిన ఇనుప చట్రం, దాని మీద ఆరేసిన తువ్వాల. బాలమ్మవ్వ సగానికి సగం అయింది కానీ కళ్లు మాత్రం అవే. నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వు పట్టేదానివా, ఇసిరేదానివా" అని అడిగింది. పట్టేదాన్నని చెప్పాను. "అట్లనా. మామిడిపండ్లన్నీ ఖరాబ్ జేసింది నువ్వేనా అయితే" అంది. నేనేనని ఒప్పుకున్నాను. మా జట్టు పద్దెనిమిది మందిలో ఒక్కరి పేరూ ఆమెకు గుర్తులేదు. కానీ ఎవరు బంతి వేసేవాళ్లు, ఎవరు కొట్టేవాళ్లు, ఎవరికి పప్పు మాడబెట్టే అలవాటు ఉండేది, అన్నీ వరసగా చెప్పింది. రెండు గంటలు కూర్చుని నవ్వి నవ్వి బయటికొచ్చాను.

ముప్పై ఏళ్లకే జ్ఞాపకాలేంది బిడ్డా అని మా బాపు నవ్వుతాడు. వేరే పనుల్లో ముప్పై అంటే మొదలు పెట్టే వయసే. వికెట్ల వెనక రోజుకు కొన్ని వందల గుంజీలు తీసిన మోకాళ్లకు మాత్రం ముప్పై అంటే పింఛను వయసు. నా మోకాళ్లు రెండేళ్ల కిందే పింఛను పుచ్చుకున్నాయి. ఇప్పుడు ఆడపిల్లలకు కీపింగ్ నేర్పుతున్నాను. కాబట్టి నా తొలినాళ్ల గురించి రాసుకునే హక్కు నాకు వచ్చిందనే అనుకుంటున్నాను.

ఆ ఏడు నాకు మొదటి కాంట్రాక్టు. ఆరు ఆడవాళ్ల జట్ల లీగ్ అది. మా జట్టులో ఇద్దరం కీపర్లం. ఒకరు సరోజక్క, ముప్పై నాలుగేళ్లు, నిజామాబాద్ వైపు మనిషి, ఆరేళ్ల కూతురున్న తల్లి. రెండో కీపర్ని నేను. అంటే నీళ్ల సీసాలు మోసేదాన్ని. మూడు మ్యాచ్‌లు అయ్యాయో లేదో కరోనా రెండోసారి విరుచుకుపడింది, లీగ్ ఆగిపోయింది, మమ్మల్ని ఎక్కడివాళ్లను అక్కడికి పంపేశారు. ఇంటికొచ్చి నెల రోజులు మా గోడకు బంతి కొట్టి పట్టుకుంటూ కూర్చున్నాను. పక్కింటివాళ్లు గోడ పగులుతుందని అమ్మతో చెప్పారు. గోడ మాదే కదా అని అమ్మ వాళ్లతో చెప్పింది. తర్వాత మా కోచ్ సుశీల మేడం నుంచి ఫోన్ వచ్చింది. మిగిలిన మ్యాచ్‌లు జరుపుతారట, కానీ అన్నీ ఒకే మైదానంలో, అందరూ ఒకే హోటల్లో. అందుకని జట్టుకు పదమూడు మందికే చోటు. "పద్దెనిమిది మందిమి తయారైతం. అయిదుగురు ఆగిపోతరు. ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు" అంది మేడం. ఆమె గొంతు ఎప్పుడూ లేచేది కాదు. చెడ్డ సంగతైనా, మంచి సంగతైనా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పేది.

మేం మామూలుగా ఆడుకునే మేడ్చల్ కాలేజీ మైదానం అప్పుడు మూసేసి ఉంది. ఇంకో జట్టువాళ్లకు శామీర్‌పేట దగ్గర రిసార్టు దొరికింది, పచ్చిక పిచ్‌తో సహా. మాకు అత్వెల్లి దాటాక లోపలికి పోతే వచ్చే రాజిరెడ్డి అన్న మామిడితోట దొరికింది. ఆయన మా జట్టు యజమానికి స్నేహితుడు. పొలమూ, ప్లాట్ల వ్యాపారమూ, కొంచెం రాజకీయమూ ఉన్న మనిషి. తోటలో ఒక పొడుగాటి ఇల్లు, రెండు స్నానాల గదులు, ఒక బోరు మోటారు ఉన్నాయి. ఆ చివర విడిగా ఉన్న గదిలో ఆయన తల్లి బాలమ్మవ్వ. కొడుకు మేడ్చల్ ఇంటికి రమ్మంటే, ఊర్లో రోగముంది, నేను రానని తోటలోనే ఉండిపోయింది. తోట పక్కన కోసేసిన వరి మడి. తోటకీ మడికీ మధ్యన సిమెంటు చేసిన పెద్ద వడ్ల కల్లం. మేడం మొదటి రోజు దాన్ని అడుగులేసి కొలిచింది. ఇరవై రెండు గజాలకు పైన ఇంకా మిగిలింది. "పిచ్ దొరికింది" అంది. కొబ్బరిపీచు చాప తెప్పించి కల్లం మీద పరిచాం. నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం.

మర్నాడు పొద్దున పదింటికి, మేం ఇంకా బంతులేస్తుండగానే, అవ్వ చేట పట్టుకుని వచ్చి చాప మధ్యలో నిలబడింది. మా అందరి మూతులకు మాస్కులున్నాయి. ఒక్కొక్కరి మొహం చూసి, "ఎద్దులకు చిక్కం గట్టినట్టు గట్టుకున్నరు. ఎవ్వలు పెద్ద ఇండ్ల" అని అడిగింది. మేడం ముందుకొచ్చింది. "అమ్మా, నా యాసంగి వడ్లు ఎండబొయ్యాలె. గీ కల్లం మా ఆయన వోయించిండు, బంతులాడనీకి గాదు" అంది అవ్వ. మేడం పది వరకు మాకు, పది నుంచి నాలుగు వరకు వడ్లకు, మళ్లీ పొద్దుగూకే వరకు మాకు అని ఒప్పందం చేసుకుంది. "మరి వడ్లు ఎవ్వలు వోస్తరు, ఎవ్వలు ఎత్తుతరు" అంది అవ్వ. "మా పిల్లలే" అంది మేడం. అట్లా మా వ్యాయామంలో ఒక భాగం కుదిరింది. రోజూ చాప చుట్టడం, బస్తాలు మోయడం, వడ్లు పోయడం, కాళ్లతో తిరగేయడం, సాయంత్రం కుప్ప చేసి మళ్లీ బస్తాల్లోకి ఎత్తడం. శామీర్‌పేటలో ఉన్న జట్టుకు జిమ్ముండేది. వాళ్లు బరువులెత్తే ఫొటోలు పెట్టేవాళ్లు. మేం ఒకరోజు బస్తాలు మోసే ఫొటో పెడితే, మీరు కూలికి పోయిన్రా అని వాళ్ల కెప్టెన్ అడిగింది. మోకాళ్ల వరకు నూగు అంటుకుని గోక్కుంటూ తిరిగేవాళ్లం. అయినా ఆ ఐదు వారాల్లో మాలో ఒక్కరికీ కండ పట్టేయలేదు.

బయటి మనుషులు లోపలికి రాకూడదు కాబట్టి వంటవాళ్లు లేరు. ఇద్దరిద్దరం వంతులు వేసుకున్నాం. నాకూ సరోజక్కకూ ఒకే వంతు పడింది, ఒకే గది కూడా. మేడం కావాలనే అట్లా వేసిందని ఇప్పుడు అనిపిస్తుంది. మా గదిలో సగం మాది, సగం మామిడిపండ్లది. అవ్వ గడ్డి పరిచి, వరసగా కాయలు పేర్చి, మీద మళ్లీ గడ్డి కప్పి మాగబెట్టేది. ఆ వాసన బట్టల్లో, గ్లోవ్స్‌లో, దిండ్లలో, చివరికి మేం తాగే నీళ్లలో కూడా ఉండేది. ఇవాళ్టికీ ఏ బండి దగ్గరైనా మాగిన మామిడి వాసన తగిలితే నా చేతులు వాటంతటవే బంతి కోసం దగ్గరికొస్తాయి. అవ్వ పొద్దున్నే లేచి ఆ గడ్డిలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఏది ఇవాళ తినాలో, ఏది ఎల్లుండికో చెప్పేది. ఆమె చెయ్యి గడ్డిలోకి పోయేటప్పుడు చప్పుడే అయ్యేది కాదు. ఆ చెయ్యిని మొదట గమనించింది సరోజక్క.

నా కీపింగ్‌లో పెద్ద లోపం ఒకటుండేది. చేతులు బిగుసుకుపోయేవి. బంతి వచ్చి గ్లోవ్‌కు తగిలి, గోడకు తగిలినట్టు ఎగిరిపడేది. గోడతోనే నేర్చుకున్నదాన్ని కదా. చాప కింద సిమెంటు, బంతి గుండెల దాకా లేచేది, మొదటి వారంలోనే నా వేళ్లు వాచిపోయాయి. ఒక మధ్యాహ్నం సరోజక్క పది మాగిన పండ్లు ఒడిలో పోసుకుని వచ్చి, "గ్లోవ్స్ ఇప్పు. పండు పగలకుంట పట్టు" అంది. పదడుగుల దూరం నుంచి ఒక్కొక్కటే విసిరింది. మొదటి రోజు పదికి పదీ పగిలాయి. రసం మోచేతుల దాకా కారింది. "పగిలినయి నువ్వే తినాలె. పారేస్తే అవ్వ మనిద్దర్ని తోటల నుంచి ఎల్లగొడ్తది" అంది. తిన్నాను. రెండోరోజు తొమ్మిది తిన్నాను. వారానికి మామిడిపండంటేనే భయం పట్టుకుంది. అవ్వ గడ్డి కింద లెక్క తగ్గుతుందని కనిపెట్టి, ఒకరోజు చెట్టు చాటు నుంచి మమ్మల్ని పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. కాసేపు చూసి, "చెయ్యి ఎదురు పోనియ్యకే పిల్లా. వస్తున్నదాన్ని రానియ్యి, దానెంట నువ్వు గూడ కొంచెం ఎనుకకు పో. చంటిపిల్లను అందుకోవా ఎన్నడన్న" అంది. మా మేడం ఏడాదిగా చెబుతున్నది అదే. ఎందుకో ఆరోజు చేతులకు అర్థమైంది. మూడో వారానికి పదిలో ఎనిమిది బతికాయి.

నాకు అర్థం కానిది సరోజక్కే. పదమూడు మందిలో ఇద్దరు కీపర్లను తీసుకోరని మా ఇద్దరికీ తెలుసు. ఆమె కాంట్రాక్టు ఆ సీజన్‌తో అయిపోతుంది. అప్పుడు ఆడకపోతే ఇక ఆమెను పిలిచేవాళ్లుండరు. అయినా రోజూ నాకు నేర్పుతుంది. ఒకరోజు ఇద్దరం వంకాయలు తరుగుతుంటే అడిగేశాను. "అక్కా, నాకెందుకు నేర్పుతున్నవ్? నేను మంచిగయితే నువ్వు ఆగిపోతవ్ గదా." ఆమె తరగడం ఆపలేదు. "ఆగిపోవద్దనే ఉన్నది నాకు. పొద్దుగాల నీకంటె అర్ధగంట ముందుగాల లేస్తున్న, సూస్తలేవా" అంది. నిజమే, చీకటి విడవకముందే కల్లం మీద ఆమె గుంజీల చప్పుడు వినిపించేది. "మరి?" అన్నాను. "మరేంది. పక్క మంచంల పండుకునే పిల్ల చేతులు వాచి మూలుగుతుంటే సప్పుడు జేయకుండ ఉంటనా? నువ్వు మంచిగ కావాలె. నేను నీకంటె మంచిగుండాలె. గంతే" అని వంకాయ ముక్కల్ని నీళ్లలో వేసింది. ఆ రోజు నుంచి నేనూ అర్ధగంట ముందు లేవడం మొదలుపెట్టాను. దాంతో ఆమె ఇంకో పావుగంట ముందుకు జరిగింది. ఇద్దరం పోటీ పడి లేస్తుంటే అవ్వ, "మీ ఇద్దరి పుణ్యాన నా కోడి కూసుడు బంద్ వెట్టింది" అని నవ్వేది.

ఆదివారాలు మాత్రం తీరిక. చర్చిలు మూసి ఉన్నాయి కాబట్టి మా పాస్టర్‌గారు ఫోన్‌లోనే ఆరాధన జరిపేవాడు. బాపు మేడ్చల్ బస్ డిపోలో మెకానిక్, మా సంఘంలో పాటలు ఎత్తుకునేది ఆయనే. నేను ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెడితే శబ్దం పెద్దదయ్యేది. ఆ గిన్నె చుట్టూ మొదట నేనొక్కదాన్నే కూర్చున్నాను. తర్వాత నస్రీన్ వచ్చింది, మా లెగ్ స్పిన్నర్, రాగం బాగుందని. తర్వాత సగం జట్టు. అవ్వ పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, "పాడేది మీ నాయిననా? గొంతు మంచిగున్నది. రెండో చరణం ఇంకొకపారి పాడుమను" అనేది. ఆరాధన మధ్యలో అట్లా అడగకూడదని చెప్పినా వినేది కాదు. ఆరాధన అయ్యాక బాపుతో చెప్పాను. మరుసటి ఆదివారం ఆయన రెండో చరణాన్ని రెండుసార్లు పాడాడు.

ఐదో వారంలో మేడం మమ్మల్ని రెండు జట్లు చేసి మ్యాచ్ పెట్టింది. మర్నాడు పదమూడు పేర్లు చదువుతానంది. కల్లం పిచ్, వరి కొయ్యలు ఉన్న మడి మైదానం. బంతి ఆ కొయ్యలకు తగిలి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఒక చివర మేడం అంపైర్‌గా నిలబడింది. రెండో అంపైర్‌గా రాజిరెడ్డి అన్నను పిలిచారు. ఆయన కరోనా పరీక్ష చేయించుకుని, మాస్కు కట్టుకుని, పెద్దమనిషి లాగా తెల్లబట్టల్లో వచ్చాడు. పక్కనుంచి క్రీజు గీత చూస్తూ ఉంటే చాలని మేడం చెప్పింది. ఆయన ఓవర్ మధ్యలో కూడా ఫోన్ ఎత్తి తూర్పు ముఖం ప్లాటు గురించి ఎవరికో వివరించేవాడు.

సరోజక్క ఆ రోజు ఆడినట్టు నేనెప్పుడూ చూడలేదు. నస్రీన్ బంతుల్ని చీపురుతో ఊడ్చినట్టు మడిలోకి ఊడ్చేసింది. ముప్పై పరుగులు దాటింది, నలభై దగ్గరికొస్తోంది. అవతలి జట్టు కీపర్‌గా వికెట్ల వెనక కూర్చుని నా పని అయిపోయిందని నేను అనుకున్నాను. అప్పుడు నస్రీన్ ఒక బంతిని కొంచెం నెమ్మదిగా వేసింది. అక్క ముందుకు వంగి ఆడబోయి తప్పింది. బంతి నా చేతుల్లోకొచ్చింది. మూడు వారాల కింద అయితే వెంటనే వికెట్లు పడగొట్టి అరిచేదాన్ని, ఆమె కాలు గీత లోపలే ఉండేది. కానీ ఆమే నాకు చెప్పింది, "పట్టంగనే కొట్టకు. ఒక్క గుటక మింగేంతసేపు ఆగు. తప్పిపోయినంక ఎవ్వరిదైనా ఎనుక కాలు జరంత లేస్తది" అని. ఆగాను. ఆమె వెనక కాలి బొటనవేలు, బూటు కొస, చాప మీది నుంచి ఒక్క క్షణం లేచింది. కొట్టాను.

అందరం రాజిరెడ్డి అన్న వైపు తిరిగాం. ఆయన ఫోన్ చెవి నుంచి తీసి, మా మొహాలు చూసి, "నేను సూడలె బిడ్డా. సూడలె గాబట్టి నాటౌట్" అన్నాడు. మడి అంతా గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. తిరిగి చూస్తే క్రీజులో అక్క లేదు. బ్యాటు చంకలో పెట్టుకుని అప్పటికే సగం దూరం నడిచింది. "ఏ సరోజా, నాటౌటన్న గదా" అని అన్న పిలిచాడు. ఆమె ఆగకుండానే, "అన్నా, నువ్వు సూడకున్నా నా కాలుకు తెలుసు" అంది. మేడం టోపీ తీసి మళ్లీ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున చదివిన పదమూడు పేర్లలో నాదుంది, సరోజక్కది లేదు. మేడం ఎప్పటిలాగే ఉప్పు తక్కువైందన్న గొంతుతోనే చదివింది. మిగిలిన అయిదుగురు, ఎవరికైనా జబ్బు చేస్తే పంపడానికి, ఇంకో రెండు వారాలు తోటలోనే ఉండాలి. గదిలోకి వెళ్లేసరికి అక్క కూతురితో వీడియోలో మాట్లాడుతోంది. రెండు వారాల్లో వచ్చేస్తున్నానని చెబుతుంటే అవతల ఆ పిల్ల మంచం మీద ఎగురుతోంది. ఫోన్ పెట్టేశాక నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. "ఏం ఎతుకుతున్నవే నా మొహంల? బాధ ఉన్నది. ఇంటికి పోతున్న అని సంతోషం గూడ ఉన్నది. రెండిటికి జాగ ఉన్నది" అని నా సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. "ఏడుసుడు అయినంక ఆ మోకాలు పట్టీ ఇటియ్యి" అంది.

ఇప్పుడు నేను నేర్పే అకాడమీలో బంతులు విసిరే యంత్రముంది. పిల్ల బంతి పట్టగానే వీడియోలో ఆపి, చెయ్యి ఎంత వెనక్కి పోయిందో గీత గీసి చూపిస్తాం. ఒక్కొక్కరికి ఒక్కో గది, తూచి పెట్టిన తిండి. అవన్నీ మంచివే. మా వాచిన వేళ్లు నా పిల్లలకు వద్దు. వాళ్లలో ఇద్దరు నాకంటే మంచి కీపర్లవుతారు. కానీ వాళ్లిద్దరూ ఒకరి ఆట ఒకరు చూడరు. ఎవరి వీడియో వాళ్లదే. ఒకే జట్టులో ఒకే చోటు కోసం ఉన్న ఇద్దరు ఒకే పొయ్యి దగ్గర వంకాయలు తరగాలని ఏ యంత్రానికి చెప్పగలం? వచ్చే నెల నుంచి వాళ్లిద్దరినీ ఒకే గదిలో వేద్దామనుకుంటున్నాను. తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

నా మొదటి మ్యాచ్ సంగతి చెప్పాలి. ఖాళీ స్టేడియం, టీవీ కెమెరాలు, నా పేరు వెనక రాసిన కొత్త చొక్కా. మొదటి ఓవర్ మొదటి బంతి, ఎవరి బ్యాటుకూ తగలకుండా, సరిగ్గా నా రెండు కాళ్ల మధ్య నుంచి వెళ్లి బౌండరీ దాటింది. నాలుగు పరుగులు. మ్యాచ్ గెలిచాం, కానీ సాయంత్రం హోటల్లో అందరూ ఆ బంతి గురించే నవ్వారు. బాపు కూడా ఫోన్‌లో దాని గురించే అడిగాడు, దెబ్బ తగిలిందా బిడ్డా అని. ఆ సీజన్లో మా జట్టు మూడో స్థానంలో నిలిచింది, నేను చివరి మ్యాచ్ దాకా ఆడాను. అదంతా తర్వాత. ఆ సాయంత్రానికి మాత్రం సంచి సర్దుకుని ఇంటికి పోతే బాగుండనిపించింది. అప్పుడు తోట నుంచి సరోజక్క ఫోన్ చేసింది. అవ్వ గదిలో టీవీ పెట్టుకుని అందరూ చూశారట. ఆమె ఏమీ అనకముందే నేనే మొదలుపెట్టాను, బంతి లేవకుండా కిందనే ఉండిపోయిందనీ, లైట్లు కళ్లలో పడ్డాయనీ, కాళ్లు వణికాయనీ. అంతా విన్నది.

"సరే. రెండో బాల్ ఏమైంది?" అని అడిగింది.

నాకు వెంటనే గుర్తు రాలేదు. ఆలోచించాల్సి వచ్చింది. "పట్టిన అక్కా" అన్నాను.

"ఎట్ల పట్టినవ్? జర నిమ్మలంగ చెప్పు" అంది. నేను మంచం మీద సర్దుకుని కూర్చుని, బంతి బౌలర్ చెయ్యి వదిలిన దగ్గర నుంచి మొదలుపెట్టాను.